కాగితం తెలుపే మంచు: మోంటానా రాంచ్‌ల నీటిరంగు చిత్రాలు

1886-87 చలికాలం అమెరికా పడమటి మైదానాల్లో పశువుల మందలను తుడిచిపెట్టింది. అంతకుముందు వేసవిలో వానల్లేక గడ్డి మాడిపోయింది. ఉన్న నేలకు మించి పశువులను తోలారు. ఆపైన మంచు కురిసింది. మధ్యలో కొంచెం కరిగి, మళ్లీ గడ్డకట్టి, గడ్డిమీద పలకలా పేరుకుంది. మోంటానాలో సగానికి పైగా పశువులు చచ్చిపోయాయని అంచనా. ఆ నష్టం గురించి లెక్కలున్నాయి, వార్తలున్నాయి. కానీ జనం మనసులో నిలిచింది పోస్టుకార్డంత కాగితంమీద నీటిరంగులతో వేసిన ఒక చిన్న బొమ్మ. హెలీనాలో ఉన్న యజమాని తన మంద ఎలా ఉందని ఉత్తరం రాస్తే, జూడిత్ బేసిన్‌లోని రాంచ్‌లో పనిచేస్తున్న 22 ఏళ్ల కౌబాయ్ చార్లెస్ మారియన్ రసెల్ దాన్ని వేశాడు. డొక్కలు తేలి, కాళ్లు చచ్చుబడి, మంచులో నిలబడిన ఒక గొడ్డు. అది ఎప్పుడు కూలుతుందా అని కాచుకున్న తోడేళ్లు. జవాబు రాయబోయిన రాంచ్ మేస్త్రీ, ఇక రాయాల్సిందేమీ లేదని ఆ బొమ్మనే పంపాడని చెప్పుకుంటారు. రాకీ పర్వతాల తూర్పు వాలు మీదుగా దిగి మంచు కరిగించే వెచ్చని చినూక్ గాలి కోసం ఆ పశువు ఎదురుచూస్తోందన్న అర్థంతో ఆ చిత్రానికి పేరొచ్చింది.

నీటిరంగు అంటే తైలవర్ణానికి ముందు వేసుకునే చిత్తుప్రతి అన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. పెద్ద కాన్వాసుకు పెద్ద గౌరవం, కాగితానికి చిన్న గౌరవం. పడమటి చిత్రకళ విషయంలో ఈ అంచనా తలకిందులని నా నమ్మకం. ఆ నేలనూ, ఆ రాంచ్ బతుకునూ ఎక్కువ నిజాయితీగా పట్టింది కాగితమే. కారణం ఆ మాధ్యమం పనిచేసే తీరులోనే ఉంది. తైలవర్ణంలో చిత్రకారుడు వెలుగును రంగుగా పులుముతాడు. పారదర్శకమైన నీటిరంగులో వెలుగు కాగితానిది. పలచని రంగు పొరలోంచి కిరణం లోపలికి వెళ్లి, తెల్లని కాగితానికి తగిలి, మళ్లీ రంగులోంచే మన కంటికి చేరుతుంది. అందుకే మంచును వేయడమంటే చాలావరకు వేయకుండా వదిలేయడం. ఎక్కడ ముట్టుకోకూడదో ముందే తేల్చుకుని, లేత రంగు నుంచి ముదురు రంగుకు నడవాలి. మంచులో పడిన నీడకు ఒక్క పలచని నీలి పూత చాలు. ఆకాశానికి కాగితం తడిపి రంగు వదిలితే అంచుల్లేకుండా పాకుతుంది. ఎండిన పొదలకూ, గుర్రం డెక్కల కింద లేచే దుమ్ముకూ తడి తక్కువున్న కుంచెను గరుకు కాగితంమీద ఈడిస్తే గింజగింజలుగా పడుతుంది. పైగా ఆ మైదానాల గాలి పొడిగాలి. పూత త్వరగా ఆరి అంచు గట్టిగా నిలుస్తుంది. ఎంతో దూరాన ఉన్న కొండ కూడా స్పష్టంగా కనిపించే ఆ చోటికి ఈ గట్టి అంచు అచ్చంగా సరిపోయింది.

దీనికి బలమైన సాక్ష్యం రసెల్ కన్నా ముందే ఉంది. 1871లో భూగర్భ శాస్త్రవేత్త ఫెర్డినాండ్ హేడెన్ ఎల్లోస్టోన్‌కు తీసుకెళ్లిన బృందంలో థామస్ మోరన్ అనే చిత్రకారుడూ, విలియం హెన్రీ జాక్సన్ అనే ఫొటోగ్రాఫరూ ఉన్నారు. జాక్సన్ ఫొటోలు ఆ చోటు నిజంగా ఉందని రుజువు చేశాయి గానీ అవి నలుపు తెలుపులు. వేడినీటి బుగ్గల చుట్టూ పేరుకున్న గంధకపు పసుపూ, ఆకుపచ్చా, లోయ గోడల నారింజ రంగూ తూర్పు నగరాలవాళ్లకు తెలిసింది మోరన్ నీటిరంగులతోనే. ఆ ప్రాంతాన్ని జాతీయ పార్కు చేస్తూ 1872 మార్చి 1న చట్టం వచ్చింది. కాంగ్రెస్ 10,000 డాలర్లకు కొన్న ఆయన ఏడు అడుగుల ఎత్తు, పన్నెండు అడుగుల వెడల్పు తైలవర్ణం ఆ తర్వాతే జనం ముందుకొచ్చింది. పెద్ద కాన్వాసు పండుగ చేసింది. వాదించి ఒప్పించిన పని మాత్రం ఫొటోలదీ, కాగితాలదీ.

అయితే మోరన్ చూసి వచ్చినవాడు, రసెల్ బతికినవాడు. సెయింట్ లూయిస్‌లో పుట్టి, పదహారేళ్లకు మోంటానా చేరి, 1893 వరకు మందల వెంట తిరిగాడు. చాలాకాలం అతనిది రాత్రి కాపలా పని. అందువల్ల పగటివేళ తోటివాళ్ల పనిని చూసే వీలు దొరికింది. చిత్రకళను ఏ బడిలోనూ నిలకడగా నేర్చుకోలేదు. 1908లో వేసిన ఒక నీటిరంగు చిత్రంలో, ఎగిరి దూకే గుర్రం రౌతుతో సహా వంటపొయ్యి మీదికి వచ్చిపడి ఉదయపు భోజనాన్ని చిందరవందర చేస్తుంది. వంటవాడి కోపం, మిగతావాళ్ల సంబరం, గాల్లో వంపు తిరిగిన గుర్రం వెన్ను, అన్నీ ఒక్క క్షణానివి. నీటిరంగులో తప్పును దిద్దుకునే అవకాశం చాలా తక్కువ. గుర్రం బరువు ఏ కాలిమీద పడుతుందో, తాడు ఎటు బిగుసుకుంటుందో ముందే తెలిసిన చేయి కావాలి. ఆ తెలివిడి పదేళ్లకు పైగా చేసిన చాకిరీ ఇచ్చింది. స్నేహితులకు రాసిన ఉత్తరాల్లోనూ అక్షరాల పక్కనే రంగుబొమ్మలు వేసేవాడు. ఆయన పోయాక 1929లో అవి పుస్తకంగా వచ్చాయి.

అభ్యంతరాలు లేకపోలేదు. రసెల్ శుద్ధ పారదర్శక పద్ధతికి కట్టుబడలేదు, పారదర్శకం కాని తెల్లని గ్వాష్ రంగు కలిపి వాడాడు అంటారు. నిజమే. మోరన్ కూడా వాడాడు. కానీ శుద్ధత అనేది చిత్రకారుల సంఘాల పట్టింపు. తెల్లరంగును ఎక్కడ, ఎంత పొదుపుగా పెట్టాడన్నదే చూడాల్సింది. రెండోది ఇంకా బరువైన అభ్యంతరం. ఎక్కువ చిత్రాలు ఆయన గ్రేట్ ఫాల్స్‌లో స్థిరపడ్డాక, జ్ఞాపకం నుంచి వేసినవి. కంచెలు వెలిసి ముగిసిపోయిన కాలాన్ని తీపిగా తలుచుకున్నాడు. ఇది నేనూ ఒప్పుకుంటాను. రాంచ్‌ల గడ్డినేల ఖాళీగా దొరకడానికి కారణం అడవిదున్నలను చంపేయడం, ఆదివాసీ జాతులను ఆకలికి వదిలేయడం. కౌబాయ్ సరదాల బొమ్మల్లో ఆ లెక్క కనిపించదు. అయినా ఆయన సంతకం పక్కన పెట్టుకున్న గుర్తు దున్న పుర్రె. ఆదివాసీ జీవితాన్ని కౌబాయ్‌ల బతుకంత శ్రద్ధగానే వేశాడు. జ్ఞాపకం తీపి కావచ్చు, జీను పట్టీ మాత్రం తప్పు చోట ఉండదు. ఆ తీపి పేరుకోకముందు, చావు కళ్లెదుట ఉండగా వేసిన గొడ్డు బొమ్మను ఈ అభ్యంతరం ముట్టుకోనే లేదు.

మూడోదానికి మాత్రం జవాబు లేదు. కాగితంమీది రంగు వెలుగుకు వెలిసిపోతుంది. మ్యూజియంలు ఇలాంటి చిత్రాలను 50 లక్స్‌ల మందమైన వెలుతురులో, కొన్ని నెలలే చూపించి మళ్లీ చీకట్లో భద్రపరుస్తాయి. తైలవర్ణాలు ఏడాది పొడవునా గోడమీద ఉంటాయి గనక వాటికే పేరు పెరుగుతుంది. నీటిరంగును చిన్నచూపు చూడటానికి ఈ కనబడకపోవడం కూడా ఒక కారణం. అందుకే వీలైనప్పుడు వెతుక్కుని వెళ్లి చూడాలి. అమెరికాలోని డాలస్ చుట్టుపక్కల ఇప్పుడు తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పక్కనే ఫోర్ట్‌వర్త్‌లో రసెల్, ఆయనలాగే పడమటి బతుకును చిత్రించిన రెమింగ్టన్‌ల చిత్రాల సేకరణతో 1961లో మొదలైన ఆమన్ కార్టర్ మ్యూజియం ఉంది, ప్రవేశం ఉచితం. రసెల్ నీటిరంగులు ఎప్పుడు ప్రదర్శనలో ఉంటాయో ముందుగా కనుక్కుని, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లండి.