గొంతులోని మగ్గము

వేటపాలెమున సాలెవారి యింట పుట్టిన నాకు, తెల్లవారుజామున వీధిపొడవున చాపిన పడుగునకు మా తాతగారు గంజి పట్టించి కుంచెతో దువ్వుచుండిన దృశ్యము, ముప్పది యేండ్ల పిమ్మట ఐ.సి.యు.లో వెంటిలేటరు ప్రక్కన నిలిచినపుడు వైద్యగ్రంథములకన్న స్పష్టమైన పాఠము చెప్పినది.

ఊపిరి తనంత తాను తీసికొనలేని రోగి శ్వాసనాళమున మేమమర్చెడి ప్లాస్టిక్కు గొట్టము ప్రాణము నిలుపునదే. కాని యొకటి రెండు దినములు గడచునప్పటికి దాని లోపలి గోడపై జిగటపొర యొకటి యేర్పడును. బయోఫిల్మ్ అని దానిపేరు. క్యాండిడా యను శిలీంధ్రము పొడుగుపాటి పోగులు సాచి పడుగగును. సూడోమోనాస్, స్టెఫిలోకాకస్ వంటి బాక్టీరియాలు ఆ పోగుల నంటుకొని పేకయగును. అవి స్రవించు జిగురు గంజియై నేతను బిగించును. విడిగా తేలుచున్నపుడు సులభముగా చచ్చెడి సూక్ష్మజీవి, యీ వస్త్రమును కప్పుకొనిన పిమ్మట, ఒక్కొక్కప్పుడు వేయిరెట్ల మోతాదునకును లొంగదు. దగ్గినపుడును, సక్షను పెట్టినపుడును ఆ పొర తునుకలై ఊపిరితిత్తులలోనికి జారును.

ఒకనాటి రాత్రి మా ప్రాంతపు నేతగాడే, వృద్ధుడు, భార్య మంచముకడ చేతులు జోడించి, "ఖర్చుకు వెనకాడకండి బాబూ, ఇంతకన్నా గట్టి మందు వేయండి" అనెను. ఆయనను తప్పుపట్టుటకు నాకు ముఖము లేదు. కల్చరులో రెండు పేర్లు వచ్చినంతనే రెండు మందులు వ్రాసి తృప్తిపడిన కాలము నాకును కలదు. కఫములో క్యాండిడా కనబడుట తరచుగా ఉత్త కాపురమేయని, దానిపై మందు వృథాయని తెలియుటకు నాకు చాల యేండ్లు పట్టినది.

మా ఊరి సారస్వత నికేతనమున బాల్యమున నేను చదివి పొంగిపోయిన పేరు ఎల్లాప్రగడ సుబ్బారావుగారిది. ఆయన పరిశోధనలకు నాయకత్వము వహించిన లెడర్లీ సంస్థనుండియే 1948లో ఆరియోమైసిన్ వెలువడినది. పెక్కు జాతుల బాక్టీరియాలను అణచివేసిన ఆ మహౌషధమును వాడిన రోగులలో, ఖాళీయైన చోటున క్యాండిడా పెచ్చు పెరుగుట వైద్యులు కొలది యేండ్లలోనే గమనించిరి. గట్టి మందునకు వెల యిదియే.

అంతకన్న మించిన చిక్కొకటి కలదు. నరమునకెక్కించిన మందు రక్తముతో పయనించును. ప్లాస్టిక్కులో రక్తము లేదు.

"మగ్గం అక్కడే ఉన్నంతకాలం నేత సాగుతూనే ఉంటుంది గదా, పెద్దాయనా" అంటిని. ఆయన క్షణకాలము ఆలోచించి, "అయితే మగ్గమే దించాలంటారు" అనెను.

ఊపిరితిత్తులకు సోకిన బాక్టీరియాకు తగిన మందును సుమారు వారము దినములు ఇచ్చుచు, తలవైపు మంచమును ముప్పది డిగ్రీలకు పైగా ఎత్తి, నోరు శుభ్రపరచి, గొట్టపు బుడగపైన నిలిచిన స్రావమును లాగివేసి, ముట్టిన ప్రతిసారియు చేతులు కడుగుకొనుచు, ప్రతి ఉదయము నిద్రమందు తగ్గించి ఆమె స్వయముగ శ్వాసింపగలదేమో పరీక్షించుచు, నర్సులు చేసినదే అసలు చికిత్స.

అయిదవనాడు గొట్టము తీసితిమి. ఎర్రసంచిలో వేయుటకు ముందు దానిని వెలుతురునకు పట్టి చూపితిని. ముసలాయన దూరమునుండియే కన్నులు చికిలించి చూచి, "నేత చిక్కగానే ఉంది బాబూ" అనెను.