సందేహాంతం – మార్గారంభం: న్యూమన్ ‘అపోలోజియా’పై ఒక పరిశీలన

కాథలిక్ మతాచార్యులకు సత్యనిష్ఠ లేదని, అందుకు జాన్ హెన్రీ న్యూమన్ మాటలే సాక్ష్యమని ఆంగ్ల రచయిత చార్లెస్ కింగ్స్‌లీ 1864లో ఆరోపించారు. దానికి ప్రత్యుత్తరంగా వెలువడిన గ్రంథమే ‘అపోలోజియా ప్రో వీటా సువా’. తన విశ్వాసాలు మారిన క్రమాన్ని తేదీలతో, లేఖలతో సహా పాఠకుల ఎదుట ఉంచడం దీని విశిష్టత.

మతాంతరాన్ని మెరుపువంటి అనుభవంగా వర్ణించడం పరిపాటి. న్యూమన్ కథ అట్టిది కాదు. 1839లో, క్రీస్తు స్వభావాన్ని గురించి 5వ శతాబ్దంలో జరిగిన వివాదాన్ని అధ్యయనం చేస్తుండగా, తాము సమర్థిస్తున్న ఆంగ్లికన్ పక్షంపై ఆయనకు తొలి సందేహం కలిగింది. 1843లో ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ మేరీ చర్చి బాధ్యతను వదిలారు. 1845 అక్టోబరు 9న కాథలిక్ సంఘంలో చేరారు. ఈ ఆరేళ్ల జాప్యం పిరికితనం కాదు. తొలి కలవరం ఊహ కల్పించినదా, వివేకం నిలబెట్టగలదా అని పరీక్షించుకున్న కాలమది. గ్రంథంలో అత్యంత బలమైన భాగమూ ఇదే.

న్యూమన్ దృష్టిలో మనస్సాక్షి స్వేచ్ఛాభిమతం కాదు. తప్పు చేసినప్పుడు కలిగే సిగ్గు, భయం ఒక దైవవ్యక్తిని సూచిస్తాయని 1870 నాటి ‘గ్రామర్ ఆఫ్ అసెంట్’లో ఆయన వాదించారు. పాలి వాఙ్మయంలోని హిరి, ఒత్తప్పాలు వెంటనే స్ఫురిస్తాయి. అయితే అభిధమ్మం వీటిని కుశల చిత్తధర్మాలుగానే పరిగణిస్తుంది. వాటి వెనుక న్యాయాధిపతిని ఊహించదు. కాలామసుత్తం సైతం సొంత తర్కాన్ని మాత్రమే ప్రమాణం చేయక, విజ్ఞుల ప్రశంసనూ లెక్కలోకి తీసుకుంటుంది. మనస్సాక్షి ఇష్టానుసారం నడిచేది కాదన్నంతవరకే సామ్యం. అంతకు మించి రెంటినీ ఒకటి చేస్తే ఇరుపక్షాలకూ అన్యాయమే.

గ్రంథంలోని లోపం చివరి అధ్యాయంలో ఉంది. 1845 తరువాత తమ మతాభిప్రాయాలకు చెప్పవలసిన చరిత్ర లేదని, మనసు కుదుటపడిందని న్యూమన్ అంటారు. కాని 1859లో, సిద్ధాంత విషయాలలో సామాన్య విశ్వాసులను సంప్రదించాలన్న ఆయన వ్యాసం రోమ్‌లో అనుమానాలకు దారితీసింది. ఆ సంఘర్షణ ఇక్కడ కనిపించదు. బౌద్ధ పాఠకునికి ఇది పెద్ద వెలితి. స్రోతాపన్నునికి విచికిత్స నశిస్తుంది. అయినా అర్హత్త్వానికి ఇంకా మూడు దశలు మిగిలే ఉంటాయి. సందేహాంతం మార్గాంతం కాదు. పోప్ అధికారం కూడా మనస్సాక్షిపైనే నిలుస్తుందని 1875లో నార్‌ఫోక్ డ్యూక్‌కు రాసిన బహిరంగ లేఖలో న్యూమన్ స్పష్టం చేశారు. అందుచేత ఆ లేఖనే ‘అపోలోజియా’కు అసలైన తుది అధ్యాయంగా చదవాలి.

శాసన పరిశోధకులకు ఈ గ్రంథం ఒక హెచ్చరిక కూడా. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు వైదిక క్రతువుల కర్తగా, రాజకుటుంబ స్త్రీలు బౌద్ధ కట్టడాల దాతలుగా కనిపిస్తారు. శిల దానాన్ని నమోదు చేస్తుంది. దానికి ముందు, తరువాత నడిచిన అంతర్మథనాన్ని కాదు. దాతల పేర్లను బట్టి మతాంతరాలను నిర్ధారించే ముందు న్యూమన్ గడిపిన ఆ ఆరేళ్లను గుర్తు చేసుకోవడం మేలు.