చార్టులో ఉన్నంత మేరకే

పిడుగురాళ్ల అనగానే పల్నాటిలో ఎవరికైనా సున్నం బట్టీలు గుర్తొస్తాయి. బట్టీలో కాలిన సున్నానికి తడి తగిలితే చాలు, వేడెక్కి పొగలు కక్కుతుంది. ఆ పొడి కంట్లో పడితే కన్నీరే దానికి తడి. అలా కన్ను కాలిన కార్మికుడొకరు ఓపీకి వచ్చారనుకుందాం. డాక్టరు కన్ను కడిగించి, మందు వేసి, చార్టులో రాస్తారు: కుడి కన్ను, సున్నం, కార్నియా కాలింది, బట్టీ పనిలో ప్రమాదం. ఈ నాలుగు ముక్కలు కోడ్లుగా మారే తీరు నెమ్మదిగా చూడదగ్గది.

అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని హైదరాబాద్ ఆఫీసుల్లో అమెరికా ఆసుపత్రుల చార్టులు చదివి జబ్బులకు కోడ్లు వేసే మన పిల్లలు వాడేది ఐసీడీ-10-సీఎం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణను అమెరికా తన అవసరాలకు విస్తరించుకుని 2015 అక్టోబర్ 1 నుంచి అమల్లో పెట్టిన రూపమిది. మన కార్మికుడి చార్టును ఆ పద్ధతిలోనే కోడ్ చేద్దాం.

ముందు అక్షరక్రమ సూచికలో వెతకాలి. కార్నియా రసాయనంతో కాలితే టి26.6 అని దొరుకుతుంది. అక్కడితో ఆగకూడదు. ప్రతి కోడునూ టాబ్యులర్ లిస్టులో సరిచూడాలి, ఎందుకంటే అసలు షరతులు అక్కడే ఉంటాయి. కాల్చిన రసాయనం కోడు ముందు రాయమన్న సూచన కనిపించేది అక్కడే. సున్నం క్షారం కాబట్టి మొదటి కోడు టి54.3ఎక్స్1ఎ.

దీన్ని విడదీసి చూస్తేనే పనితనం అర్థమవుతుంది. టి54 అంటే ఒంటిని కాల్చే పదార్థాల విషప్రభావం. చుక్క తర్వాతి 3 క్షారానికి గుర్తు. ఐదో స్థానంలోని ఎక్స్‌కు సొంత అర్థం లేదు. వెనకున్న రెండు గుర్తులూ తమ చోటు నుంచి జారకుండా నిలబెట్టడమే దాని పని. నాకు ఈ కోడు మొత్తంలో బాగా నచ్చినది అదే. ఆరో స్థానంలో ఉద్దేశం: 1 ప్రమాదం, 2 తనకు తాను చేసుకున్నది, 3 ఇంకొకరు చేసినది, 4 తేల్చలేనిది.

ఈ ఆరో స్థానం బరువు పత్తి, మిరప పండించే ఊళ్లకు బాగా తెలుసు. పురుగుమందు పిచికారీ చేస్తూ పడిపోయిన రైతుకూ, అదే మందు తాగిన రైతుకూ పురుగుమందుల కోడు టి60 వరకూ దారి ఒకటే. తేడా ఆ ఒక్క అంకెలో ఉంటుంది. కోడర్ దాన్ని ఊహించి వేయకూడదు. ఉద్దేశం ఏమిటో చార్టులో లేకపోతే నియమం ప్రకారం 1 వేస్తారు. తేల్చలేకపోయామని డాక్టరు రాస్తేనే 4.

ఏడో స్థానంలోని ఎ అంటే మొదటిసారి రావడమని చాలామంది అనుకుంటారు. కాదు, గాయానికి చురుగ్గా వైద్యం జరుగుతోందని అర్థం. అదే కన్నుకు వైద్యం కోసం గుంటూరులో మరో డాక్టరు దగ్గరికి వెళ్లినా ఎ వేస్తారు. మానే దశలో చూపించుకోవడానికి వస్తే డి. ఏళ్ల తర్వాత మిగిలిన మచ్చ కోసం వస్తే ఎస్.

రెండో కోడు టి26.61ఎక్స్ఎ. ఇందులో చివరి 1 కుడి కన్ను, ఎడమైతే 2. ఏ కన్నో రాయకపోతే 0 ఉంది కానీ, చార్టులో కుడి అని ఉండగా 0 వేయడం తప్పు. ఆపైన ప్రమాదం జరిగిన చోటుకు వై92.63, కూలికి చేస్తున్న పని అని చెప్పడానికి వై99.0. ఈ రెండూ చికిత్స మొదలైన రోజు ఒక్కసారే రాస్తారు.

ఓపీకే ప్రత్యేకమైన నియమం ఇంకొకటుంది. ఆసుపత్రిలో చేరి డిశ్చార్జయిన రోగి చార్టులో చివరికి 'అనుమానం' అని ఉన్నా ఆ జబ్బు ఉన్నట్టే కోడ్ చేస్తారు. ఓపీలో అలా కుదరదు. నెలల తరబడి దగ్గుతున్న మనిషి చార్టులో 'క్షయ అనుమానం, కళ్లె పరీక్ష' అని ఉంటే క్షయ కోడు వేయరు. ఆ రోజుకు ఖాయంగా తెలిసింది దీర్ఘకాలపు దగ్గు, అంటే ఆర్05.3. పరీక్ష ఫలితం రాకముందే రికార్డులో క్షయ రోగిగా ఎక్కిన మనిషికి ఆ పేరు వదిలించుకోవడం తేలిక కాదు.

రెండోసారి వచ్చినప్పుడు రిపోర్టు చూసి ఊపిరితిత్తుల క్షయేనని డాక్టరు రాస్తే ఎ15.0 వేస్తారు. ఆ రోజు దగ్గుకు వేరే కోడు రాయరు, క్షయ లక్షణాల్లో అదీ ఒకటి కాబట్టి.