తెల్లక్షరానికి గీత తగ్గించాలి

ముంబై హైవే మీద బీరంగూడ కమాన్ దగ్గర కాసేపు నిలబడి, వచ్చేపోయే బండ్ల నంబర్ ప్లేట్లు చూడండి. పటాన్‌చెరు ఫ్యాక్టరీలకు వెళ్లే లారీలకు పసుపు మీద నలుపు, సొంత కార్లకు తెలుపు మీద నలుపు, కొత్తగా వస్తున్న ఎలక్ట్రిక్ కార్లకు ఆకుపచ్చ మీద తెలుపు. మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కారుకైనా లారీకైనా అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లు, గీత మందం 10 మిల్లీమీటర్లు. రంగు మారినా కొలత మారదు. కంటికి మాత్రం ఆకుపచ్చ మీది తెల్ల అంకెలే కాస్త లావుగా ఆనుతాయి.

లేత రంగు నుంచి వచ్చే వెలుగు కంట్లో కొంత చెదిరి, పక్కనున్న ముదురు రంగు మీదికి పాకుతుంది. చూపుకు పనిచేసే నాడీకణాలు కొద్దిపాటి వెలుగుకే బలంగా స్పందించి ఆ అంచును ఇంకాస్త వెడల్పు చేస్తాయి. మెరిసే గ్రహాలు ఉన్నదానికన్నా పెద్దవిగా కనిపిస్తాయని గెలీలియో ఏనాడో గమనించాడు. 19వ శతాబ్దంలో శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ దీన్ని ఇరేడియేషన్ పేరుతో వివరించాడు.

చేయి తిరిగిన బోర్డు ఆర్టిస్టుకు ఇది రోజూ పనిలో ఎదురయ్యేదే. అక్షరం వెనక గ్రౌండ్ ఏ రంగో తేలాకే అతను గీత మందం నిర్ణయిస్తాడు. బీరంగూడ గుట్ట మీది భ్రమరాంబ మల్లికార్జున స్వామి గుడి పేరునే తీసుకోండి. ‘భ్ర’కు కింద క్రారవడి, ‘రాం’ పక్కన సున్న, ‘ల్లి’కి పైన గుడి, కింద ఒత్తు, ‘ర్జు’కు కొమ్ముతో పాటు జ ఒత్తు. తెల్ల గోడ మీద నలుపుతో కాస్త మందంగా రాసినా ఇవన్నీ విడివిడిగా చదవొచ్చు. అదే మందాన్ని ఎర్ర గ్రౌండ్ మీద తెలుపుతో వేస్తే సున్న పూడుకుపోయినట్టు ఉంటుంది, ఒత్తు పై అక్షరానికి అతుక్కుంటుంది. అందుకే గీతను పిసరంత సన్నం చేసి, ఒత్తును కొంచెం కిందికి దింపి, అక్షరాల మధ్య జాగా పెంచాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఎరుపు మీద తెల్ల ఎనామిల్ ఒక్క కోటింగ్‌తో కప్పుకోదు, రెండోది వేసేసరికి అంచులు ఉబ్బుతాయి. కాబట్టి మొదటి కోటింగ్ సుద్ద గీతకు లోపలే ఆగాలి. అప్పటికీ లావెక్కితే గ్రౌండ్ రంగునే సన్నటి బ్రష్‌తో తీసుకుని అంచును లోపలికి కోయాలి. తెల్లక్షరం చుట్టూ వేసే నల్ల ఔట్‌లైన్ కూడా అందానికి మాత్రమే కాదు, అక్షరం అంచును స్పష్టంగా చూపుతుంది. చివరికి రోడ్డు దాటి అవతల నిలబడి, కళ్లు సగం మూసి చూస్తే ఏ ఒత్తు కలిసిపోయిందో తేలిపోతుంది.

ఫ్లెక్సులొచ్చాక ఈ లెక్క తప్పింది. తెలుపు మీద నలుపుతో ఓకే అయిన డిజైన్‌నే ఒక్క క్లిక్‌తో నలుపు మీద తెలుపుగా తిప్పేస్తున్నారు. కంప్యూటర్‌లో దారి లేక కాదు. గూగుల్ వాళ్ల మెటీరియల్ సింబల్స్ ఐకాన్లకు గీత మందాన్ని కొద్దిగా మార్చే గ్రేడ్ అనే సదుపాయం ఉంది. ముదురు బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల ఐకాన్ పెడితే దాన్ని మైనస్ 25కు తగ్గించమని వాళ్లే సూచిస్తారు. పేరు కొత్తదే గానీ పని మాత్రం ఆర్టిస్టు గీత సన్నం చేయడం లాంటిదే. ఆ జాగ్రత్త తెలుగు అక్షరానికి ఇంకా ఎక్కువ కావాలి. ఇంగ్లిష్ పెద్ద అక్షరాలకు కింద ఒత్తులుండవు, పైన గుడులుండవు.

రాత్రిళ్లు వెలిగే ఎల్‌ఈడీ బోర్డుల సంగతి మరీ కష్టం. దూరం నుంచి చదవలేకపోతున్నామంటే షాపు యజమానులు అక్షరం ఇంకా బోల్డ్ చేయించి, వెలుగు పెంచుతున్నారు. అప్పుడు ‘ఠ’లోని చుక్క, ‘థ’లోని చుక్క కూడా కనబడకుండా పోతాయి. అక్కడ చేయాల్సింది గీత తగ్గించి, అక్షరాలను ఎడం చేసి, వెలుగు దించడం.