పల్లకీలోంచి చూసిన పాలమూరు

యాత్రారచనను చదివేటప్పుడు రచయిత ఏమి చూశారన్న దానితోపాటు ఎవరి అండతో ఆ దారిన వెళ్లారన్నది కూడా గమనించాలి. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పంచుకోవడంతో 1795 నుంచి 1918 వరకు సొంత రాజ్యమే లేకుండా పోయిన పోలండులో పుట్టిన రచయిత హెన్రిక్ షెంకెవిచ్, తన ప్రజలపై జర్మన్ల పెత్తనాన్ని నిరసించినవారే అయినా, 1891లో తూర్పు ఆఫ్రికాకు వెళ్లినప్పుడు అక్కడి యూరప్ మిషనరీల పనిని మెచ్చుకుంటూ లేఖలు రాశారు. పరాయి పాలన బాధ ఎరిగిన మనిషికి మరొకచోట అదే పాలన మేలుగా ఎలా తోస్తుందన్న ప్రశ్నకు తెలుగులో జవాబు వెతికితే ఏనుగుల వీరాస్వామి ‘కాశీయాత్ర చరిత్ర’ దగ్గర ఆగవలసి వస్తుంది.

మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా, అంటే దేశభాషల వాళ్ల మాటను ఇంగ్లీషు జడ్జీలకు తెలియజెప్పే దుబాసీగా పనిచేసిన వీరాస్వామి, 1830 మే 18న పెద్ద పరివారంతో బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చారు. దారిలోంచి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు రాసిన సంగతులే 1838లో పుస్తకంగా అచ్చయ్యాయి. శ్రీశైలం సేవించుకుని కృష్ణ దాటిన తరువాత ఆయన ప్రయాణం వనపర్తి, జడచర్లల మీదుగా, అంటే పాలమూరు సీమ గుండా, హైదరాబాదుకు సాగింది.

మజిలీ మజిలీకీ ఆయన చూసేది ఒకే తీరు: ఊరు పెద్దదా చిన్నదా, అంగళ్లున్నాయా, దినుసులు దొరుకుతాయా, నీళ్ల వసతి ఎలా ఉంది, బాట రేగడా, గులకరాళ్లా, అడవా. వెనక వచ్చే యాత్రికుడు ఎక్కడ దిగాలో, ఎక్కడ ఆగకూడదో తెలుసుకోవడానికే రాసిన ఈ వివరాలలో ఆడంబరం లేదు, పైగా రెండు వందల ఏళ్ల కిందటి పాలమూరు పల్లెల తీరును తెలుగులో ఇంత దగ్గరగా చూపిన రచన అరుదు కనుక వీటి విలువ చాలా గొప్పది.

పాలన గురించి చెప్పే చోట మాత్రం ఆయన కూర్చున్న పల్లకీ కూడా కనబడుతుంది. నిజాముకు కప్పం కడుతూ తమ సీమను తామే ఏలుకునే సంస్థానాల జమీందారుల కలహాలలో రైతులు నలగడం, జనం ఆయుధాలు పట్టుకు తిరగడం చూసి ఆయన మనసు ఈస్టిండియా కంపెనీ సీమలోని శాంతి వైపు మొగ్గింది. ఆ కష్టం నిజమే. అయితే ఆ పేజీల పక్కన హైదరాబాదు చరిత్ర పెట్టుకుని చదివితే మరో సంగతి బయటపడుతుంది: 1798లో కంపెనీతో కుదిరిన సైన్యసహకార ఒప్పందంతో మొదలై, ఇంగ్లీషు అధికారుల కింద ఉండే సైన్యాల ఖర్చు నిజాము ఖజానా మీద పడగా, పేష్కారు చందూలాల్ కాలంలో పన్ను వసూళ్లను గుత్తకు ఇచ్చి సొమ్ము సమకూర్చారు, ఆ భారం చివరకు దిగింది పల్లె రైతు నెత్తి మీదనే. కంపెనీ సీమలో శాంతి, నిజాము సీమలో జులుము వేరువేరు కథలు కావు.

అయినా వీరాస్వామిని కంపెనీ భట్రాజుగా తీసిపారేయడం అన్యాయం, ఎందుకంటే తీర్థాలలో యాత్రికుల నుంచి కంపెనీ గుంజే పన్నును కూడా ఆయన దాచకుండా రాశారు. కృష్ణ ఒడ్డు నుంచి జడచర్ల దాకా ఆయన పేర్కొన్న ఊళ్లను నేటి పటంతో సరిపోల్చి, ఒప్పందాల చరిత్రను వ్యాఖ్యగా జోడించి ఆ భాగాన్ని విడిగా అచ్చువేస్తే, పాలమూరు బడిపిల్లలు తమ ఊరి పేరుతోనే చరిత్ర చదవడం మొదలుపెట్టవచ్చు.