తాతగారి చీరలు – మనవడిగారి తూకం

జనవరి వచ్చిందంటే చాలు, ఆడవాళ్ళ కబుర్లలోకి మూడు సంగతులు ఎక్కడినుంచో వచ్చి చేరతాయి. ఈ ఏడాది ఎలాగైనా బరువు తగ్గాలి. బీరువా అడుగున మూలుగుతున్న పాత పట్టుచీరలు తీసి కట్టాలి. పండక్కి ఏదైనా మంచి సినిమా చూడాలి. మొదటి రెండింటికీ ఒకదానితో ఒకదానికి పడదన్న సంగతి బీరువా తెరిచేదాకా గుర్తు రాదు. చీర బయటికొస్తుంది, దానిమీది జాకెట్టు మోచేయి దాటదు. వెంటనే తప్పంతా ఒంటిమీదికి తోసేస్తాం. జాకెట్టుది తప్పన్న ఇల్లాలిని నేనింతవరకు చూడలేదు.

ఈ తగాదా ఎక్కడ మొదలయిందో తెలియాలంటే మూడో సంగతిని, అంటే సినిమాని, సాక్ష్యానికి పిలవాలి. అందుకని ఈ కొత్త సంవత్సరంలో రెండు తెలుగు సినిమాలు వరసగా చూడమంటాను. ఒకటి 1971లో వచ్చిన 'ప్రేమనగర్'. రెండోది 2015లో వచ్చిన 'సైజ్ జీరో'. ఎక్కడి లంకె ఇది అంటారేమో! మొదటిదానికి దర్శకులు కె.ఎస్.ప్రకాశరావుగారు. రెండోదానికి దర్శకుడు ప్రకాష్ కోవెలమూడి, ఆయన మనవడు. తాతామనవళ్ళకి పేరు కూడా ఒకటే. మధ్యతరం కె.రాఘవేంద్రరావుగారు. ఆయన సంగతి కాసేపాగి చెప్పుకుందాం.

'ప్రేమనగర్' కోడూరి కౌసల్యాదేవిగారి నవల. ఆడవాళ్ళు రాసిన నవలల్ని ఆడవాళ్ళు ఆబగా చదువుతుంటే సినిమావాళ్ళు వాటి వెంట పరుగెత్తిన రోజులవి. కథలో లత మధ్యతరగతి పిల్ల, ఇంటిల్లిపాదికీ ఆమె జీతమే ఆధారం. విమానంలో ఉద్యోగం మానుకుని, తాగుబోతు జమీందారీ బిడ్డ కల్యాణ్ దగ్గర సెక్రటరీగా చేరుతుంది. ఆ వేషం వాణిశ్రీది. ఇక్కడ ఒక్క చిన్న సంగతి గమనించండి. అంతకుముందు మన కథానాయికలకి ఎక్కువగా రెండు రకాల చీరలుండేవి – ఇంట్లో కట్టుకునేది, పెళ్ళిలో కట్టుకునేది. లత కట్టింది ఉద్యోగానికి కట్టుకునే చీర. బస్సెక్కడానికి వీలుగా, నలుగురిలో తలెత్తుకుని నిలబడడానికి వీలుగా ఉండే చీర. చూసినవాళ్ళు దాన్ని ఇంటికి తెచ్చుకున్నారు. పొట్టివాళ్ళు, పొడుగువాళ్ళు, బక్కవాళ్ళు, ఇద్దరు పిల్లల తల్లులు కూడా అలాగే కట్టారు. అయిదున్నర మీటర్ల గుడ్డకి మనిషి కొలత అక్కర్లేదు కదా.

ఇక వాణిశ్రీ కొప్పు! ఆ రోజుల్లో పెళ్ళిళ్ళ ఫొటోలు తీసి చూడండి, పెళ్ళికూతురు పక్కన నిలబడ్డ వదినలూ పిన్నులూ అందరి తలలమీదా అదే గోపురం. అంత జుట్టు అందరికీ ఎక్కడినుంచి వచ్చిందని అడక్కండి. సవరాలు, లోపల దూర్చిన చుట్టలు, గుప్పెడు పిన్నులు. ఆ కాలపు ఫాషన్‌లో నాకు నచ్చిన గుణం ఇదే. నీకు తక్కువైనదేదో అది తెచ్చి కలిపేది. ఇప్పటిది నీకు ఎక్కువైనదేదో ముందు తీసేసి రమ్మంటుంది.

అలాగని ఆ కాలాన్ని స్వర్ణయుగం చెయ్యబోవడం లేదు. నడుము ఉందా లేదా అని సందేహపడ్డ ప్రబంధకవుల వారసులమే మనం. సావిత్రి లావెక్కిందని ఆ రోజుల్లోనూ ముక్కున వేలేసుకున్నవాళ్ళున్నారు. 'ప్రేమనగర్' కూడా లోపాల్లేని సినిమా ఏమీ కాదు. నగ దొంగిలించిందన్న నింద పడి, నమ్మినవాడే శంకించినప్పుడు లత అక్కణ్ణించి వెళ్ళిపోతుంది చూడండి, కథ అక్కడిదాకా ఆమెది. ఆ తర్వాత సినిమా మొత్తం కల్యాణ్ దుఃఖానికి అంకితమైపోతుంది. మనం నాగేశ్వరరావుగారి కోసం ఏడుస్తూ కూచుంటాం. లత ఇంట్లో జీతం లేకుండా ఆ నెల ఎలా గడిచిందో ఎవరూ చెప్పరు. ఇదే కథని ప్రకాశరావుగారు 1972లో తమిళంలో 'వసంత మాళిగై'గానూ, 1974లో హిందీలోనూ తీశారు. మగవాడి ఏడుపుకి మూడు భాషల్లోనూ గిరాకీ ఉందన్నమాట.

రాఘవేంద్రరావుగారి గురించి చెబుతానన్నాను. చెప్పేదేముంది, అందరికీ తెలిసిందే. ఆయన పాటల్లో కథానాయిక బొడ్డుమీద పడ్డ పళ్ళూ పూలూ లెక్కపెడితే సంతకి సరిపోతాయి. హాస్యానికి అంటున్నా గానీ, మార్పు అక్కడే జరిగింది. తండ్రి చీరని చూపిస్తే కొడుకు చీర లేని జానెడు జాగాని చూపించారు. ఇంటికి తెచ్చుకోవడానికి ప్రేక్షకురాలికి అక్కడ గుడ్డ లేదు, ఒళ్ళే ఉంది. ఒళ్ళు దర్జీ దగ్గర దొరకదు.

మనవడి కాలానికి వచ్చేసరికి ఆ ఒళ్ళే కథావస్తువైంది. 'సైజ్ జీరో'లో స్వీటీ లావుపాటి పిల్ల. పెళ్ళి కావడం లేదని తల్లి దిగులు. ఈ తల్లి వేషంలో ఊర్వశి ఎంత బాగా చేసిందంటే, ఆమెని చూసి కోపం రాదు, మన పక్కింటావిడ గుర్తొస్తుంది. కూతురికి ప్రేమగా వడ్డించేదీ తల్లే, సన్నబడవే అని ప్రాణం తీసేదీ తల్లే. చివరికి స్వీటీ ఒక సన్నబరిచే కేంద్రంలో చేరుతుంది. దాని యజమాని ప్రకాష్‌రాజ్. అక్కడి వైద్యం స్నేహితురాలి ప్రాణంమీదికి తెచ్చాక, స్వీటీ కళ్ళు తెరిచి ఎదురుతిరుగుతుంది. సన్నబడడం వేరు, ఆరోగ్యంగా ఉండడం వేరు అన్నది సినిమా చెప్పే మాట. మంచి మాటే, తెలుగు సినిమా అంత సూటిగా చెప్పడం అరుదు కూడా.

కానీ చెప్పిన తీరుతోనే నాకు పేచీ. మొదటి సగంలో స్వీటీ తిండిని, నడకని చూపించి హాలంతా నవ్వించి, రెండో సగంలో నవ్వడం తప్పు సుమా అని మనకే పాఠం చెబుతారు. పేరున్న తారలంతా వరసగా వచ్చి హితబోధ చేసి వెళతారు. సినిమా చూస్తున్నామా, ఆరోగ్యశాఖవారి ప్రకటన చూస్తున్నామా అని అనుమానం వస్తుంది. అన్నిటికన్నా పెద్ద పేచీ ఇంకొకటుంది. సినిమా అయ్యాక స్వీటీ ఏ బట్టలు వేసుకుందో ఎవరినైనా అడిగి చూడండి. వాణిశ్రీ కొప్పు యాభై ఏళ్ళ తర్వాత కూడా గుర్తుంటుంది. స్వీటీ బరువు ఒక్కటే గుర్తుంటుంది. లావుపాటి అమ్మాయికి అందమైన బట్టలు వేసి, ఇదీ ఫాషనే అని చూపించే అవకాశం చేతికొచ్చి జారిపోయింది.

ఆ వేషం కోసం అనుష్క నిజంగానే బరువు పెరిగారు. నటిగా అది సాహసమే. తర్వాత 2017లో 'బాహుబలి' రెండోభాగం వచ్చేనాటికి ఆమె ఎంత తగ్గారు, ఎందుకు తగ్గలేదు అని పత్రికలు తెగ రాశాయి. సినిమా ఏ ప్రశ్న అడగొద్దని మొత్తుకుందో, ఆ ప్రశ్నే ఆ నటిని అడిగారు! 'సైజ్ జీరో' డబ్బు చేసుకోలేదని తర్వాత అంతా తేలిగ్గా తీసిపారేశారు గానీ, అది పట్టుకున్న జబ్బు మాత్రం ఊహించి రాసింది కాదని ఆ రాతలే రుజువు చేశాయి.

ఇంతలో 2018లో నాగ్ అశ్విన్ 'మహానటి' వచ్చింది. సావిత్రిగా వేసిన కీర్తి సురేష్‌కి జాతీయ బహుమతి దక్కింది, దుస్తుల రూపకల్పనకి కూడా వచ్చింది. ఆ తర్వాత పాత కాలపు జాకెట్లు మళ్ళీ కుట్టించుకున్న ఇళ్ళు నాకు తెలిసి నాలుగున్నాయి. ముచ్చటైన విషయమే. అయితే పాత ఫాషన్‌లో మనం చేతుల కుచ్చులు తెచ్చుకున్నాం, గళ్ళ అంచులు తెచ్చుకున్నాం, అసలైన తెలివిని మాత్రం అక్కడే వదిలేశాం.

ఆ తెలివి జాకెట్టు లోపల ఉంటుంది. మీ అమ్మగారి పాత జాకెట్టు ఒకటి తిరగేసి చూడండి. పక్కల్లో రెండు మూడు వరసల కుట్లు, వాటి అవతల వేలెడు గుడ్డ మడిచి ఉంటుంది. కాన్పయితే ఒక వరస విప్పేవాళ్ళు, జ్వరంపడి లేస్తే మళ్ళీ బిగించేవాళ్ళు. ఆడదాని ఒళ్ళు ఏళ్ళ తరబడి ఒక్కలా ఉండదని ఆ దర్జీకి తెలుసు. అతను ఏ పుస్తకమూ చదవలేదు. ఇప్పుడు దుకాణంలో కొన్న తయారు జాకెట్లు చూస్తే, చాలావాటిలో కుట్టు దాటి అరంగుళం కూడా ఉండదు. దాంట్లో మనం పట్టకపోతే వ్యాయామశాలకి ఏడాది రుసుం కడతాం, సంక్రాంతి అరిసెలతో ఆ ముచ్చట తీరిపోతుంది.

నడవొద్దని, కసరత్తు వద్దని అంటున్నానని అపార్థం చేసుకోకండి. పెద్దవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాలైనా ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులు కండరాలకి పని కావాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతోంది. అంటే వారానికి అయిదు రోజులు, రోజుకి అరగంట చురుకైన నడక. అందులో ఎక్కడా జాకెట్టు కొలత లేదు. మోకాళ్ళకోసం, చక్కెరకోసం, రాత్రి నిద్రకోసం నడిచే మనిషి ఫిబ్రవరిలోనూ నడుస్తుంది. నెలలో పది కిలోలు తగ్గిస్తామని పొడి అమ్మేవాళ్ళ దగ్గరికి వెళ్ళే పిల్లలకి మాత్రం 'సైజ్ జీరో'లో ప్రకాష్‌రాజ్ నవ్వు ఒకసారి చూపించండి. ఆ నవ్వు చాలు, ఉపన్యాసం అక్కర్లేదు.

రెండు సినిమాలూ పూర్తిగా చూసే తీరిక ఎవరికుంటుంది అంటారా, నిజమే. అయితే 'ప్రేమనగర్' లత ఇల్లు వదిలి వెళ్ళేదాకా చూడండి. 'సైజ్ జీరో' తారలు హితబోధకి దిగేదాకా చూడండి. ఆ మిగిలిన టైములో బీరువాలో పాత జాకెట్టు తీసి, పక్కన ఒక వరస కుట్టు విప్పుకోవచ్చు.