గ్రామఫోను పద్యము – సంగ్రాహకుల సాక్ష్యము

తాళపత్రము, శాసనము, ముద్రితగ్రంథము – ఈ మూడును ఆంధ్ర వాఙ్మయ పరిశోధనమునకు మూలద్రవ్యములని మన విశ్వవిద్యాలయములు చిరకాలముగ పరిగణించుచున్నవి. ఇరువదవ శతాబ్ది నాలుగవ ద్రవ్యము నొకదానిని మనకిచ్చినది. అది లక్కపలకపై గీయబడిన ధ్వని. దీనిలో పెద్దభాగము గ్రంథాలయములలో లేదు. అభిరుచిగల గృహస్థుల యిండ్లలో, చెక్కపెట్టెలలో నున్నది. వారిలో అనేకులు సాహిత్యమును వృత్తిగా నభ్యసించినవారు కారు. వినోదార్థము సేకరించి, తమ వంటివారు కలిసినపుడు ఒకరి పెట్టె నొకరు విప్పి చూపుకొని, ఇచ్చిపుచ్చుకొనువారు. ఇట్టి వినోదసేకరణము వాఙ్మయవిమర్శకు ఎంతవరకు ప్రమాణము కాగలదు? ప్రమాణము కావలెనన్న ఎట్టి నియమములు పాటింపవలెను? ఈ రెండు ప్రశ్నలను విచారించుటయే యిచట మా యుద్దేశము.

ముందుగా వస్తుస్వరూపమును గుర్తుచేసికొందము. 1902లో గ్రామఫోను కంపెనీ పక్షమున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గౌహర్‌జాన్ మొదలగువారి గానమును ముద్రించెను. ఆ తొలి పలకలు జర్మనీ దేశమున హానోవరు నగరమున అచ్చొత్తబడి తిరిగివచ్చెడివి. దూరదేశపు పనివారికి గుర్తు తెలియుటకై గాయకులు పాట చివర తమ పేరు తామే చెప్పుకొనుట ఆనాటి యాచారము. 1908లో కలకత్తాలోని సియాల్దాలో కర్మాగారము వెలసిన పిమ్మట ఈ దేశముననే ముద్రణము సాగినది. పది అంగుళముల పలకలో ఒక్కొక్క ప్రక్క మూడు నిమిషములకు కొంచెము మించి పట్టదు. 1925 ప్రాంతమున మైక్రోఫోను వచ్చువరకు గాయకుడు బూరవంటి గొట్టములోనికి గొంతెత్తి పాడవలసియుండెను. తెలుగునాట రంగస్థలపద్యమునకున్న యాదరము ఈ నూతనసాధనమునకును సంక్రమించి, కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావు వంటి నటుల గాత్రములు నాటకశాల దాటి పల్లెలకు చేరినవి. కరుణశ్రీ 'పుష్పవిలాపము'ను ముద్రితపుటలో చదువకయే ఘంటసాల గాత్రమున విని కంఠస్థము చేసినవారు అనేకులు. కావున పద్యము జనులలో వ్యాపించిన చరిత్ర వ్రాయువారు గ్రామఫోనును విడిచి వ్రాయజాలరు.

ఇక సంగ్రాహకుల సంగతి. 1990లో బొంబాయిలో భారతీయ రికార్డు సంగ్రాహకుల సంఘ మేర్పడి 'ది రికార్డ్ న్యూస్' అను పత్రికను వెలువరించినది. చెన్నపురిలో వేలకొలది రికార్డులు కూర్చిన వి. ఏ. కె. రంగారావు కేవలము సంగ్రాహకుడుగ నుండిపోక, 'ఆలాపన' వ్యాసములలో పాటలను, వాని పూర్వాపరములను తెలుగు పాఠకులకు వివరించెను. ఆస్ట్రేలియా దేశస్థుడగు మైకేల్ కిన్నియర్ గ్రామఫోను కంపెనీవారి తొలి భారతీయ ముద్రణముల పట్టికను 1994లో గ్రంథముగ ప్రకటించెను. వీరి కృషిని చూచినపుడు వినోదమునకును పరిశోధనమునకును నడుమ మనము గీచిన గీత అంత స్ఫుటమైనది కాదని తోచును.

అయితే మే మిచట విశేషించి చెప్పదలచినది ప్రధానసేకరణమును గూర్చి కాదు, ఆనుషంగికసేకరణమును గూర్చి. తపాలాబిళ్ళలు కూర్చువాని యింట గ్రామఫోను పలకలు కొన్ని యుండును. పలకలు కూర్చువాని యింట కంపెనీల జాబితా పుస్తకములు, సినిమాశాలల వద్ద అమ్మిన పాటల పుస్తకములు, నాటకముల కరపత్రములు, పలకల కాగితపు సంచులు, ముల్లుల డబ్బీలు ఉండును. ఇవి యతని దృష్టిలో గౌణములు. గర్వముతో చూపునవి కావు. 'ఇవిగాక మీయొద్ద మరేమున్నవి?' అని తోటి సంగ్రాహకు డడిగినపుడు మాత్రమే వెలికి వచ్చును. పరిశోధకునకు కావలసినది తరచుగ ఈ రెండవ పెట్టెయందే యున్నది. అపురూపమైన పలక ఒక గాత్రము నిచ్చును. సామాన్యమైన జాబితా పుస్తకము ఆ గాత్రమునకు కాలమును, స్థానమును, తోడివారిని చూపును. తమిళదేశమున కోట్టైయూరు వాస్తవ్యుడు రోజా ముత్తయ్య ఇందుకు నిదర్శనము. ఆయన పుస్తకములతో ఆగక కరపత్రములు, ఆహ్వానపత్రికలు, నాటకప్రకటనలు సైతము దాచెను. 1992లో ఆయన మరణింపగా షికాగో విశ్వవిద్యాలయము ఆ భాండారమును కొనుటచేత అది చెల్లాచెదరు కాక, 1994లో చెన్నపురిలో పరిశోధన గ్రంథాలయముగ రూపొందినది. విద్వాంసులు పుస్తకముల కెంతగా నచటికి పోవుచున్నారో, పుస్తకములు కాని యా కాగితములకును అంతగా పోవుచున్నారు.

కాలనిర్ణయమున ఇట్టి చిల్లరకాగితముల బలమెట్టిదో ఒక ప్రసిద్ధవిషయము వలన తెలియును. తొలి తెలుగు టాకీ 'భక్తప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15వ తేదీన విడుదలయ్యెనని దశాబ్దములపాటు అందరును వ్రాసిరి. రెంటాల జయదేవ సెన్సారు వివరములను, ఆనాటి పత్రికలను పరిశీలించి, ఆ చిత్రమునకు 1932 జనవరిలో అనుమతి లభించెననియు, ఫిబ్రవరి 6వ తేదీన బొంబాయిలో విడుదలయ్యెననియు నిరూపించెను. పెద్దల జ్ఞాపకము, పుస్తకము నుండి పుస్తకమునకు నకలైన వాక్యము ఒకవైపు. తేదీగల కాగితము వేరొకవైపు. రెండింటిలో దేనిని నమ్మవలెనో ఈ యుదాహరణము నేర్పుచున్నది. నాటకపద్యముల రికార్డుల విషయమున ఇంతటి శ్రద్ధ యింకను జరుగవలసియున్నది.

పాఠనిర్ణయమున సంగ్రాహకుల సాక్ష్యము ఇంతకంటెను గంభీరమైన ప్రశ్నల నెత్తుచున్నది. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి 'సత్యహరిశ్చంద్రీయము' నందలి కాటిసీను తెలుగువారికి కంఠోపకంఠముగ తెలిసినది. రంగస్థలమున ఆ ఘట్టమును డి. వి. సుబ్బారావు వంటి నటులు పాడునపుడు జనులు కరతాళములు మ్రోగించిన పద్యములలో జాషువ కవి 'శ్మశానవాటి' ఖండికలోనివి కలవు. నటు లా పద్యముల నౌచిత్యమును గ్రహించి నాటకమున చేర్చుకొనిరి. ముద్రితనాటకమును మాత్రమే చదువు పరిశోధకునకు ఈ చేరిక కానరాదు. ధ్వనిముద్రణమును మాత్రమే వినువానికి ఇవి యన్నియు బలిజేపల్లివారివే యని భ్రమ కలుగును. రెండును ప్రక్కప్రక్కన నుంచుకొన్నవానికే నిజము తెలియును.

ఇది కేవలము పాఠభేదముల లెక్క కాదు. కులవివక్షచే తన జీవితకాలమున పెక్కు అవమానముల నెదుర్కొనిన కవి పద్యము, ఊరూర మెప్పుపొందుచు, ఆ మెప్పులో తన కర్తపేరును పోగొట్టుకొనుట సాహిత్యచరిత్రలో ఉపేక్షింపదగిన సంగతి కాదు. మన కావ్యములలో ఆశ్వాసాంతగద్య కవి పేరును, తండ్రి పేరును, గురువు పేరును కూడ నిలిపినది. గ్రామఫోను పలక నడుమ అంటించిన లేబులు ప్రధానముగ గాయకునకు, నాటకమునకు, రాగమునకు చోటిచ్చినది. కవికి చోటు నియతము కాదు. ఇట్లు రంగస్థలపద్యము క్రమముగ చాటుపద్యధర్మమును పొందినది. అందరి నోటను ఉండును, ఎవరిదో తెలియదు. చాటువులను జనుల నోటినుండి యేరి వేటూరి ప్రభాకరశాస్త్రి 'చాటుపద్యమణిమంజరి'గ కూర్చినపుడు, ఆయనయు నొక సంగ్రాహకుడే. రంగస్థలచాటువులకు అట్టి కూర్పరి యింకను రావలసియున్నాడు. వచ్చినపుడు ఆయనకు ముడిసరకు లభించునది ఈ గృహస్థుల పెట్టెలలోనే.

ఛందోవిమర్శకును ఈ పలకలు అపూర్వమైన సామగ్రి. తెలుగు యతి సంస్కృతయతివలె విరామము కాదనియు, అక్షరమైత్రి యనియు లాక్షణికుల మతము. ఉత్పలమాలలో పదవ అక్షరమునను, చంపకమాలలో పదునొకండవ అక్షరమునను, శార్దూలమున పదుమూడవ అక్షరమునను, మత్తేభమున పదునాలుగవ అక్షరమునను యతి చెల్లును. చదువునపుడు అచట ఆగనక్కరలేదని తరగతిలో చెప్పుచున్నాము. పాడునపు డేమగును? గాయకుడు యతిస్థానమున ఆగుచున్నాడా, అర్థము ముగిసినచోట ఆగుచున్నాడా, ఊపిరి చాలనిచోట ఆగుచున్నాడా? సంధిని విడదీయుచున్నాడా? ఒకే పద్యమును వేర్వేరు నటులు పాడిన నాలుగు పలకలు చేజిక్కినచో, ఈ ప్రశ్నలకు గడియారము చేతబట్టి సమాధానము చెప్పవచ్చును. ఇంతటి ప్రత్యక్షసాక్ష్యము నన్నయకాలమునకు లేదు, శ్రీనాథుని కాలమునకు లేదు. మన తాతల కాలమునకు కలదు. కలిగియుండియు దానిని వినకుండుట లోపము.

ఇంతవరకు గుణములు చెప్పితిమి. దోషములు చెప్పకున్న విమర్శ సమగ్రము కాదు.

మొదటిది అపురూపతావ్యామోహము. అందరి యొద్దను ఉన్న పలకకు సంగ్రాహకుల నడుమ విలువలేదు. ఒక్కరియొద్దనే యున్నది శిరోధార్యము. సాహిత్యచరిత్రకారునకు ఈ తారతమ్యము తలక్రిందులు. ఎక్కువగా అమ్ముడుపోయి, అరిగి, గీతలుపడిన పలకయే ఒక యుగపు అభిరుచికి సాక్షి. అరిగినదని పారవేసిన పలకతో ఆ సాక్ష్యము పోవును.

రెండవది గుర్తులను తొలగించుట. ధ్వనిని మాత్రము నకలుచేసి పంచి, లేబులును, జాబితాసంఖ్యను, పలకపై చెక్కిన మాతృకాసంఖ్యను విడిచిపెట్టుట సర్వసాధారణము. ఇది తాళపత్రమునకు నకలు వ్రాయుచు గద్యను వదలివేయుట వంటిది. వినసొంపుకొరకు రొదను తీసివేయుటలో గాత్రపు అంచులు కూడ పోవుచుండును. శుద్ధిచేసిన ప్రతిని వినుటకు ఉంచుకొనవచ్చును. మూలప్రతిని మాత్రము చెరుపరాదు.

మూడవది వేగము. తొలినాటి పలకలన్నియు నిమిషమునకు 78 చుట్లు తిరుగునట్లే ముద్రింపబడలేదు. 74 చుట్ల వేగమున ముద్రించినదానిని 78 వేగమున త్రిప్పినచో నూటికి అయిదుపాళ్ళు వేగము హెచ్చి, శ్రుతి దాదాపు ఒక స్వరస్థానము పైకి పోవును. అట్టి నకలు విని 'ఆనాటి నటులు ఇంత యెత్తైన శ్రుతిలో, ఇంత త్వరగా పద్యము చదివిరి' అని సిద్ధాంతము చేసినవాడు, నటుని గూర్చి కాక యంత్రమును గూర్చి వ్రాసినవా డగును.

నాలుగవది సంగ్రాహకుని దోషము కాదు, వస్తువు దోషము. రంగస్థలమున 'వన్సుమోరు' కేకల నడుమ నటుడు పద్యాంతమున రాగమును తనివితీర సాగదీసెడివాడు. పలక అతనికి మూడు నిమిషములే యిచ్చినది. కావున పలక రంగస్థలమునకు ప్రతిబింబము కాదు, సంక్షేపము. దానిని చూచి 'పూర్వులు మితముగ పాడిరి, తరువాతివారు చెరిచిరి' అనుట న్యాయము కాదు.

ఈ దోషములకు విరుగుడు మన సంప్రదాయముననే కలదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కుంపిణీ కొలువులో నుండి, తన యభిరుచిచే వ్రాతప్రతులు కూర్చినవాడు. ఆయన గొప్పతనము ప్రతులు పెక్కు సంపాదించుటలో మాత్రమే లేదు. పండితులను నియమించి, ఒక్కొక్క గ్రంథమునకు పలుప్రతులు తెప్పించి, పాఠములను సరిపోల్చి వ్రాయించుటలో నున్నది. వేమన పద్యములను 1829లో ఆయన ప్రకటించినది ఇట్టి శ్రమ పిమ్మటనే. ఆ సేకరణము చెన్నపురి ప్రాచ్యలిఖితభాండారమునకు చేరినందున నేటికిని మన పరిశోధకులు దాని ఫలమును పొందుచున్నారు. సేకరించుట, సరిపోల్చుట, అప్పగించుట అను మూడు మెట్లలో గ్రామఫోను సంగ్రాహకులు మొదటిది చక్కగా నెక్కిరి. రెండవదానికి మన తోడు వలయును. మూడవదానికి మన సంస్థలు తలుపులు తెరవవలయును.

పంచుకొనుటలో చట్టపుచిక్కు లున్నవని కొందరు వెనుకాడుదురు. 1957 నాటి గ్రంథస్వామ్యచట్టము ప్రకారము నేడు ధ్వనిముద్రణమునకు ప్రచురించిన మరుసటి యేటినుండి 60 సంవత్సరములు రక్షణము కలదు. కవి రచనకు ఆయన మరణించిన మరుసటి యేటినుండి 60 సంవత్సరములు. పలకపై హక్కు తీరినంతనే పద్యముపై హక్కు తీరదు. 1953లో గతించిన బలిజేపల్లివారి రచన స్వేచ్ఛను పొందినది. 1971లో గతించిన జాషువ కవి రచనకు 2031 చివరివరకు రక్షణ మున్నది. ఒకే ఘట్టమున, ఒకే పలకలో, ఈ రెండు స్థితులును కలియవచ్చును. కర్తృత్వనిర్ణయము పండితుల ముచ్చట మాత్రమే కాదని, దానివలన ధర్మమును, ద్రవ్యమును కూడ నిర్ణయమగునని దీనివలన స్పష్టము. అయినను వివరపట్టిక కూర్చుటకు ఏ చట్టమును అడ్డురాదు. అడ్డువచ్చునది మన అలసత్వమే.

కావున తెలుగుశాఖలు చేయదగినది దుస్సాధ్యమేమియు కాదు. ఒక్కొక్క పరిశోధకవిద్యార్థి తన జిల్లాలో ఒక్క సంగ్రాహకుని యింటికి పోయి, గాయకుడు, నాటకము, పద్యకర్త, ఛందస్సు, రాగము, కంపెనీ, జాబితాసంఖ్య, మాతృకాసంఖ్య – ఈ యెనిమిది అంశములతో పట్టిక వ్రాయవలెను. పద్యకర్త పేరు పలకపై లేనిచో ముద్రితగ్రంథములు వెదకి పూరింపవలెను. దొరకనిచో ఖాళీగ నుంచవలెనే గాని ఊహతో నింపరాదు. అటుపిమ్మట రెండవ పెట్టెను విప్పుమని వినయముతో అడుగవలెను. పాటల పుస్తకమును, కరపత్రమును, చిరిగిన జాబితాను కూడ లెక్కలో చేర్చవలెను. వస్తువును తెమ్మని కోరనక్కరలేదు. అది ప్రీతితో కూర్చినవాని యొద్దనే భద్రముగ నుండును. ఆయన తదనంతరము అది యెచటికి పోవలెనో ఆయన జీవించియుండగనే మాటలాడి నిర్ణయించుట మాత్రము అవసరము.

లక్కపలక పెళుసు, జారిపడిన అతుకదు. దానిని గూర్చి చెప్పగల వృద్ధుల సంఖ్య ఏటేట తగ్గుచున్నది. తాళపత్రములను గూర్చి మన పూర్వులు చూపిన త్వరను, ఈ ధ్వనిపత్రములను గూర్చి మనమును చూపినచో, ఏ పద్యమెవరిదో, దాని నెవరెట్లు పాడిరో రాబోవు తరమునకు తెలియును. చూపనిచో జాషువ పద్యము వంటివి మరెన్ని తమ కర్తల పేరులను కోల్పోయినవో లెక్కించుటకు సైతము సాధనము మిగులదు.